కొత్త కారుకు సన్ ఫిల్మ్: "ఇప్పుడు లీగల్ సార్" అంటున్నారు, బెంగళూరులో నమ్మొచ్చా?

హర్ష_కాడుగోడి
(సొంతూరు ప్రొద్దుటూరు)

అందరికీ నమస్కారం. వచ్చే వారం కొత్త కారు చేతికొస్తుంది. మా అపార్ట్‌మెంట్‌లో మాకు దొరికింది ఓపెన్ పార్కింగ్, పైన రేకు కూడా లేదు. మధ్యాహ్నం పాపను ప్లేస్కూల్ నుంచి తీసుకొచ్చేది మా ఆవిడ. పాత కారులో సీట్ బెల్ట్ బకిల్ చేతికి తగిలి పాప కెవ్వుమన్న రోజులున్నాయి. బెంగళూరు చల్లటి ఊరని మా ఊళ్లో ఇంకా అనుకుంటున్నారు కానీ, 2024 ఏప్రిల్‌లో ఇక్కడ 38 డిగ్రీలు దాటిన సంగతి మనకు తెలిసిందే.

షోరూంలో యాక్సెసరీస్ చూసే అబ్బాయి సెరామిక్ ఫిల్మ్ వేయించుకోమని ఒకటే పోరు. అన్ని అద్దాలకూ కలిపి ఇరవై వేల పైమాట. "పోలీసులు పట్టుకోరా?" అంటే, "అది పాత మాట సార్, కేరళ హైకోర్టు ఒప్పుకుంది, 70 పర్సెంట్ ఫిల్మ్ పూర్తిగా లీగల్" అని ఫోన్‌లో ఏదో వార్త చూపించాడు. నిజమేనా? ఇక్కడ వేయించుకుని తిరుగుతున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఊరికి తరచూ వెళ్తుంటాం కాబట్టి ఆంధ్రా వైపు సంగతి కూడా చెప్పండి.

పెనుకొండ_ప్రయాణం

వద్దు బ్రో. 2012లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది. ఎంత శాతమైనా సరే, అద్దం మీద ఏదీ అతికించకూడదు. షోరూం వాళ్లకు కమీషన్, నీకు చలానా. ఆ డబ్బుతో మంచి డాష్‌క్యామ్ కొనుక్కో.

కరీంనగర్_కుర్రోడు

మరి విధానసౌధ ముందు తిరిగే తెల్ల బండ్ల సంగతి ఏంది అన్నా? లోపల మనిషి ఉన్నాడో బియ్యం బస్తా ఉందో కూడా తెలియదు. వాళ్లకు ఎండ ఎక్కువ తగులుతుందా?

నల్లకోటు
(చిత్తూరు, ఇప్పుడు బసవనగుడి)

హర్ష గారూ, మీ షోరూం అబ్బాయి చెప్పిందీ పూర్తిగా అబద్ధం కాదు, పెనుకొండ తమ్ముడు చెప్పిందీ అబద్ధం కాదు. చిక్కంతా అక్కడే ఉంది. కొంచెం ఓపిగ్గా చదవండి.

కేంద్ర మోటారు వాహనాల నియమాలు 1989లో 100వ నియమం అద్దాల గురించి. ముందద్దం, వెనకద్దం నుంచి కనీసం 70 శాతం వెలుతురు లోపలికి రావాలి. పక్కద్దాలకు 50 శాతం చాలు. ఈ అంకెలు మొదటినుంచీ ఉన్నవే. ఫిల్మ్ షాపుల వాళ్లు ఏళ్ల తరబడి దీన్నే చూపించి, "50 దాకా పర్మిషన్ ఉంది" అని నల్ల ఫిల్మ్ అమ్ముకున్నారు.

అవిషేక్ గోయెంకా కేసులో 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు ఆ దారి మూసింది. ప్రధాన న్యాయమూర్తి కపాడియా ధర్మాసనం అది. ఆ శాతాలు అద్దం తయారీకి సంబంధించినవి, కంపెనీలోనే అద్దం ఆ కొలతకు తయారై రావాలి, ఆ తర్వాత దాని మీద నల్ల ఫిల్మ్ గానీ మరే పదార్థం గానీ అతికించడానికి నియమం ఒప్పుకోదు అని చెప్పారు. 2012 మే 4 నుంచి దేశమంతా అమలు. పోలీసులు చలానా రాయడమే కాదు, ఫిల్మ్ అక్కడికక్కడే పీకేయవచ్చని కూడా ఆ తీర్పులో ఉంది. తర్వాత ఫిల్మ్ వ్యాపారులు మళ్లీ కోర్టుకు వెళ్లినా ఆ ఏడాది ఆగస్టులో చుక్కెదురైంది.

కరీంనగర్ కుర్రోడి ప్రశ్నకు జవాబు: జెడ్, జెడ్ ప్లస్ భద్రత ఉన్నవాళ్లకు మాత్రం మినహాయింపు ఉండొచ్చన్నారు. అది కూడా అధికారుల కమిటీ చూసి ఇవ్వాల్సిందే. మిగతా తెల్ల బండ్లన్నీ మన బండ్లలాంటివే, కాకపోతే ఆపే నాథుడు లేడు.

ఇక కొత్త సంగతి. 100వ నియమాన్ని సవరించారు, ఆ సవరణ 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు సేఫ్టీ గ్లాస్ అనే ఉండేది. ఇప్పుడు దానితోపాటు సేఫ్టీ గ్లేజింగ్ కూడా చేర్చారు. వస్తువుల నాణ్యతా ప్రమాణాలు రాసే కేంద్ర సంస్థ బీఐఎస్ వారి ప్రమాణం ఐఎస్ 2553 రెండో భాగాన్ని 2019లో తిరగరాశారు. అందులో లోపలి వైపు ప్లాస్టిక్ పొర ఉన్న అద్దం కూడా గ్లేజింగ్ కిందికే వస్తుంది. దీన్ని పట్టుకుని ఒక ఫిల్మ్ కంపెనీ, ఫిల్మ్ వేసే ఒక వ్యాపారి, చలానా పడిన ఒక కారు యజమాని కేరళ హైకోర్టుకు వెళ్లారు. 2024 సెప్టెంబరులో జస్టిస్ నగరేష్ వాళ్ల పక్షాన తీర్పిచ్చారు. ఫిల్మ్ వేశాక కూడా 70, 50 లెక్క సరిపోతే జరిమానా వేయకూడదన్నారు. అలాంటి అద్దం కంపెనీయే బిగించాలి, యజమాని చేయకూడదన్న వాదన అక్కడ నిలబడలేదు.

అయితే అది కేరళ హైకోర్టు. సుప్రీంకోర్టు మాట దేశమంతటికీ శిరోధార్యం, హైకోర్టు మాట ఆ రాష్ట్రం పొలిమేర వరకే. కర్ణాటకలో దాన్ని మనం వాదనకు వాడుకోవచ్చు, ఇక్కడి జడ్జి గారు ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. రోడ్డు మీద ఆపిన ఎస్సై గారికి మాత్రం ఆ తీర్పుతో పనిలేదు. ఆంధ్రాలోనూ ఇదే పరిస్థితి.

నా ఉద్దేశంలో సవరించిన నియమం చదివితే కేరళ తీర్పే సబబు. కానీ మీరు నా దగ్గరికి క్లయింట్‌గా వస్తే, 500 రూపాయల చలానా మీద కేసు నడపమని మాత్రం సలహా ఇవ్వను.

హర్ష_కాడుగోడి

సార్, ఇంత వివరంగా రాసినందుకు చాలా థాంక్స్. జరిమానా 500 మాత్రమేనా? షోరూంలో కూడా "పడితే ఐదొందలే కదా సార్" అన్నాడు. ముందేమో పూర్తిగా లీగల్ అని, వెంటనే పడితే ఐదొందలే అని!

నల్లకోటు

మోటారు వాహనాల చట్టం 177 సెక్షన్ కింద. 2019 సవరణకు ముందు వంద రూపాయలు ఉండేది. ఇప్పుడు మొదటిసారి 500, ఆ తర్వాత ప్రతిసారీ 1,500. ఐదొందలకు మీ ఫిల్మ్ పాపం కడిగినట్టు కాదు, ఫిల్మ్ అద్దం మీద ఉన్నన్నాళ్లూ ఆపిన ప్రతిసారీ అది కొత్త తప్పే. కాడుగోడిలో కట్టారు కదా అని కడపలో వదిలేయరు.

పెనుకొండ_ప్రయాణం

అదే నేను చెప్పేది. నేను వారం విడిచి వారం హైవే మీద ఉంటాను. బాగేపల్లి దాటాక ఒక రాష్ట్రం, ఇటు ఇంకో రాష్ట్రం. హోసూరు వైపు వెళ్తే అత్తిబెలె దాటగానే మూడో రాష్ట్రం. ఒక్కో చోట ఒక్కో మూడ్. అందరికీ కేరళ తీర్పు చదివి వినిపిస్తావా?

గాజుపురుగు
(సూళ్లూరుపేట, శ్రీపెరుంబుదూరు వైపు ఉద్యోగం)

కారు అద్దాల క్వాలిటీ విభాగంలో పనిచేస్తాను. కంపెనీ పేరు వద్దు. కోర్టుల సంగతి లాయరు గారు చెప్పారు, లెక్క సంగతి నేను చెప్తాను. షోరూం అబ్బాయి అసలు మోసం అందులో ఉంది.

"70 పర్సెంట్ ఫిల్మ్" అంటే ఆ ఫిల్మ్ ఒక్కదాన్నే పట్టుకుని చూస్తే 70 శాతం వెలుతురు వస్తుందని. చట్టం అడిగేది అద్దం, ఫిల్మ్ రెండూ దాటి లోపలికి ఎంత వచ్చిందని. కంపెనీ నుంచి వచ్చే అద్దం కూడా నూటికి నూరు వదలదు. లేత ఆకుపచ్చ ముందద్దం 78 దగ్గర ఉందనుకోండి. దాని మీద 70 ఫిల్మ్ వేస్తే 78లో 70 శాతం, అంటే 54.6. కావాల్సింది 70. కేరళలోనే ఆపినా ఇది ఫెయిలే. ముందద్దం పాస్ కావాలంటే ఫిల్మ్ 90 శాతానిది ఉండాలి, అప్పుడు కూడా 70.2తో గట్టెక్కుతుంది. అద్దం మీద దుమ్ము ఉంటే అదీ పాయె.

పక్కద్దాలకు కాస్త వెసులుబాటు ఉంది. అద్దం 75 అయితే, 70 ఫిల్మ్‌తో 52.5, పాస్. కానీ ఈమధ్య కొన్ని మోడళ్లకు ముదురు ఆకుపచ్చ సోలార్ గ్లాస్ కంపెనీ నుంచే వస్తోంది. ఆ అద్దం 70 అయితే, 70 ఫిల్మ్‌తో 49. ఒక్క శాతంతో ఫెయిల్. మీ అద్దం ఎంత అన్నది కొలవకుండా ఏ ఫిల్మ్ లీగలో ఎవరూ చెప్పలేరు.

అద్దం మూల చిన్న అక్షరాల్లో ముద్ర ఉంటుంది, చూడండి. ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 2553 అని ఉంటాయి. అది ఉన్న కంపెనీ అద్దాన్ని పోలీసులు నల్లగా ఉందని అనుమానించినా ఆ ముద్ర చూపించండి. విదేశాల్లో వెనక సీటు వైపు పూర్తి నల్లటి ప్రైవసీ గ్లాస్ వస్తుంది చూశారా, మన 50 లెక్కకు అందులో చాలావరకు పాస్ కావు. అందుకే అదే కారు ఇక్కడ వేరే అద్దంతో అమ్ముతారు.

శైలజ_హెబ్బాళ

లెక్కలు బాగున్నాయి. ఒక మాట నేను కూడా అడుగుతాను. నాకు ఎండ పడని చర్మ సమస్య ఉంది, డాక్టరు చీటీ కూడా ఉంది. నాలాంటి వాళ్లకు మినహాయింపు ఏమైనా ఉందా?

నల్లకోటు

లేదమ్మా. ఎండ, ఆరోగ్యం అనే వాదన 2012లోనే కోర్టు ముందుకు వచ్చింది. కొద్దిమంది సౌకర్యం కంటే అందరి భద్రత ముఖ్యం అని అప్పుడే అన్నారు. డాక్టరు చీటీ చూపిస్తే ఎవరైనా దయతలిచి వదలొచ్చు, అది మీ హక్కు మాత్రం కాదు.

గాజుపురుగు

శైలజ గారూ, మీకు పనికొచ్చేది ఒకటి చెప్తాను. ముందద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొరతో అతికి ఉంటుంది, ఆ పొర అతినీలలోహిత కిరణాలను దాదాపు మొత్తం ఆపేస్తుంది. పక్కద్దం ఒంటి పలక, టఫెన్డ్ (వేడి చేసి గట్టిపరిచిన గాజు). అది కొంత వదులుతుంది. డ్రైవింగ్ చేసేటప్పుడు మీకు ఇబ్బంది కుడి చెయ్యి, కుడి చెంప వైపే ఎక్కువగా ఉండాలి. అవునా? పూర్తిగా పారదర్శకంగా ఉండి ఆ కిరణాలను మాత్రమే ఆపే ఫిల్ములు ఉన్నాయి, కంటికి ఫిల్మ్ ఉన్నట్టే తెలియదు. 2012 తీర్పును అక్షరాలా పట్టుకుంటే అదీ కూడదు, అది వేరే సంగతి. పొడుగు చేతుల కాటన్ స్లీవ్స్, కుడి చేతికైనా వేసుకోండి, దానికి ఏ కోర్టూ అడ్డం రాదు.

శైలజ_హెబ్బాళ

కుడి చెయ్యే! సరిగ్గా చెప్పారు అన్నయ్యా.

ఇంకో విషయం. అందరూ భద్రత భద్రత అంటున్నారు. ఎవరి భద్రత? రాత్రి పదకొండుకు ఆఫీసు నుంచి ఒంటరిగా వస్తుంటే, సిగ్నల్ దగ్గర బైకు ఆపి ఇద్దరు లోపలికి తొంగి చూస్తారు. ఒకసారి ఫ్లైఓవర్ దాకా పక్కనే వచ్చారు. లోపల ఉన్నది ఆడమనిషి అని, ఒక్కతే ఉందని తెలియకుండా ఉంటే నాకు అదే భద్రత.

పెనుకొండ_ప్రయాణం

అక్కా, మీ బాధ కాదనను. కానీ 2012 డిసెంబరులో ఢిల్లీలో నిర్భయ ఘటన జరిగిన బస్సుకు నల్ల అద్దాలు, పరదాలు ఉన్నాయి. రోడ్డు మీద అంతమంది ఉన్నా లోపల జరిగేది ఎవరికీ కనబడలేదు. కోర్టు భయపడింది దానికే, అప్పటికి తీర్పు వచ్చి ఏడాది కూడా కాలేదు.

శైలజ_హెబ్బాళ

తెలుసు. అందుకే క్యాబ్ ఎక్కేటప్పుడు నల్ల అద్దాలుంటే నేనే ఎక్కను. ఎవరో నడిపే బండిలో నేనున్నప్పుడు అద్దం తేటగా ఉండాలి, నా బండిలో నేనున్నప్పుడు ముసుగు కావాలి. ఈ రెండూ నాకు ఒకేసారి నిజాలే. చట్టానికి ఆ తేడా తెలియదు.

కరీంనగర్_కుర్రోడు

మేడమ్ చెప్పినదానికి వంద లైకులు.

మోడరేటర్

ఒక సభ్యుడు పోలీసు అధికారి పేరు, ఫోన్ నంబరుతో పెట్టిన పోస్టు తీసేశాను. మీ అనుభవం రాయండి, మనుషుల పేర్లు వద్దు.

జేసీరోడ్_మదనపల్లి

అన్నలకు, అక్కలకు నమస్తే. నేను జేసీ రోడ్డులో ఫిల్మ్ వేసే పనివాడిని. షాపు పేరు చెప్పను, ఇక్కడ యాడ్స్ పెట్టకూడదు కదా. ఉన్నది ఉన్నట్టు చెప్తా.

షాపులో మీకు ఎర్రటి లాంపు పెట్టి, ముందు మామూలు గాజు వెనక చెయ్యి పెట్టమంటాం. కాలుతుంది. తర్వాత ఫిల్మ్ వేసిన గాజు వెనక పెట్టమంటాం. చల్లగా ఉంటుంది. కస్టమర్ అక్కడే పడిపోతాడు. ఆ లాంపు నుంచి వచ్చేది దాదాపు అంతా పరారుణ వేడి. ఎండలో అది సుమారు సగమే. మిగతాది చాలావరకు కంటికి కనబడే వెలుతురు, అతినీలలోహితం ఓ 5 శాతం. కాబట్టి లాంపు దగ్గర కనబడిన తేడా రోడ్డు మీద కనబడదు. డబ్బా మీద "97 శాతం ఐఆర్ రిజెక్షన్" (అంత పరారుణ వేడిని ఆపుతుందని) రాసినా నమ్మొద్దు, కొందరు ఒక్క తరంగదైర్ఘ్యం దగ్గర కొలిచి ఆ అంకె వేస్తారు. మొత్తం సౌరశక్తిలో ఎంత ఆపుతుందో అడగండి, దాన్ని టీఎస్ఈఆర్ అంటారు. చట్టానికి లోబడే తేట ఫిల్ములకు ఆ అంకె వింటే మీ ఉత్సాహం సగం తగ్గుతుంది. వెలుతురు వదలాలంటే వెలుతురుతో వచ్చే వేడిని కూడా వదలాలి కదా.

అయినా మంచి సెరామిక్‌కూ, రంగు పూసిన చవక ఫిల్మ్‌కూ తేడా ఉంది. చవకది రెండు మూడు ఎండాకాలాలకు ఊదా రంగుకు తిరుగుతుంది, బుడగలు లేస్తుంది. మెటల్ పూత ఉన్నవి వేడిని బాగానే ఆపుతాయి కానీ ముందద్దానికి వేస్తే ఫాస్టాగ్ చదవడంలో ఇబ్బంది రావచ్చు, జీపీఎస్ కూడా తడబడుతుంది. టోల్ దగ్గర వెనకాల లారీ హారన్ మోగిస్తుంటే ట్యాగ్ చేత్తో ఊపుకుంటూ కూర్చోవాలి.

హర్ష అన్నా, మీరు వేయించుకోవాలనే అనుకుంటే షాపు వాళ్లను మీటరు పెట్టమనండి. పక్కద్దానికైతే అద్దం సగం దించి, అంచును మీటరు గాడిలో దూరుస్తాం. ముందద్దానికి రెండు ముక్కల మీటరు కావాలి, ఒకటి లోపల ఒకటి బయట, అయస్కాంతంతో ఎదురెదురుగా పట్టుకుంటాయి. ఫిల్మ్ వేయకముందు ఒక రీడింగ్, వేశాక ఒక రీడింగ్, రెండూ ఫోటో తీసుకోండి. మీటరు లేదన్న షాపు నుంచి బయటికి వచ్చేయండి.

హర్ష_కాడుగోడి

ఇది ఎవరూ చెప్పని విషయం. మరి రోడ్డు మీద పోలీసుల దగ్గర మీటరు ఉంటుందా?

జేసీరోడ్_మదనపల్లి

నేను చూసినంతలో లేదన్నా. కంటితో చూస్తారు. లోపల డ్రైవరు మొహం కనబడితే చాలాసార్లు వదిలేస్తారు. కనబడకపోతే ఆపుతారు. కొందరు వేలిగోరుతో అద్దం లోపలి అంచు గీకి చూస్తారు, ఫిల్మ్ అంచు గోటికి తగిలితే ఇక శాతం మాట ఎత్తరు.

నల్లకోటు

గోరు పరీక్ష 2012 తీర్పు ప్రకారం సరైనదే, అక్కడ శాతంతో పనిలేదు కదా. 2021 సవరణ ప్రకారం అది చాలదు, కొలవాలి. మీటరు లేకుండా "50 కంటే తక్కువ" అని రాసిన చలానాను కోర్టులో ప్రశ్నించవచ్చు. "ఫిల్మ్ ఉంది" అని మాత్రమే రాస్తే వాదన వేరే దారి పడుతుంది. చలానాలో ఏం రాశారో చదవకుండా డబ్బు కట్టేయకండి. కట్టడమంటే తప్పు ఒప్పుకున్నట్టే.

పెనుకొండ_ప్రయాణం

బెంగళూరులో చలానా కోర్టులో ప్రశ్నించేవాడు ఎవడున్నాడు సార్! 2023 ఫిబ్రవరిలో సగం డిస్కౌంట్ ఇచ్చినప్పుడు జనం ఎలా ఎగబడ్డారో చూశాం. మనవాళ్లకు న్యాయం కంటే రాయితీ ఇష్టం.

కరీంనగర్_కుర్రోడు

అద్దాలకు తగిలించే జాలీ పరదాలు వాడొచ్చా? అయస్కాంతం ఉన్నవి. మా అక్క కారులో ఉన్నాయి, బాబు నిద్రపోతే వేస్తుంది.

నల్లకోటు

నడుస్తున్న బండిలో వేస్తే అదీ గొడవే. కేరళలో 2021 జనవరిలో ఆపరేషన్ స్క్రీన్ అని పెట్టి ఫిల్ములతోపాటు పరదాలకు కూడా జరిమానాలు వేశారు. వాటిని అద్దానికి అతికించరు కాబట్టి 2012 తీర్పు వాటికి వర్తించదు అని వాదించేవాళ్లు ఉన్నారు. నా సలహా ఏమిటంటే, బండి ఆగి ఉన్నప్పుడు ఎన్నైనా వేసుకోండి, కదిలేటప్పుడు తీసి డిక్కీలో పడేయండి. ముఖ్యంగా డ్రైవరు పక్కద్దాలకు వద్దు, సైడ్ మిర్రర్ కనబడాలి.

గాజుపురుగు

ఆ చివరి మాట దగ్గర నేనూ ఒకటి చెప్పాలి. వేడి గురించే మాట్లాడుతున్నాం, రాత్రి వాన గురించి ఎవరూ ఎత్తలేదు. సర్జాపూర్ రోడ్డులో వీధి దీపం లేని చోట, వానలో, లైటు లేని బైకు ఎడమవైపు నుంచి దూరిందనుకోండి. తడిసిన అద్దం, దాని లోపల 50 శాతం ఫిల్మ్, బయట తడిసిన సైడ్ మిర్రర్. ఇవన్నీ దాటి ఆ బైకు మీ కంటికి చేరాలి. పగలు షోరూం లైట్ల కింద 50 శాతం చాలా తేటగా కనిపిస్తుంది. రాత్రి అదే అద్దం దించి తల బయట పెట్టి చూస్తారు. చెన్నైలో మా కాలనీలో సగం మంది రివర్స్ చేసేటప్పుడు అదే పని.

వేడి సంగతికొస్తే, ఆగి ఉన్న కారుకు ఫిల్మ్ పెద్దగా చేసేది లేదు. బయట 35 ఉంటే గంట ఎండలో లోపల 55 దాటడం మామూలే, అందులో ఎక్కువ భాగం మొదటి అరగంటలోనే ఎక్కుతుంది. అద్దాలు వేలెడు సందు దించినా పెద్దగా తగ్గదు. హర్ష గారూ, పాపను "రెండు నిమిషాలే కదా" అని కూడా అందులో వదలొద్దు, ఏ ఫిల్మ్ ఉన్నా సరే.

ఆ వేడిలో పెద్ద వాటా ముందద్దం నుంచి వస్తుంది, అది వెడల్పు, ఏటవాలు. డాష్‌బోర్డు పెనంలా కాలి లోపలి గాలిని వేడెక్కిస్తుంది. ముందద్దానికి లోపల వెండి రంగు మడత షేడ్ పెట్టండి. కొన్ని వందల రూపాయల వస్తువు. ఆగి ఉన్న బండికి ఇరవై వేల ఫిల్మ్ కంటే అదే నయం. ఎక్కగానే నాలుగు అద్దాలూ దించి, ఏసీ ఆన్ చేసి, బయటి గాలి మోడ్‌లో వంద గజాలు నడిపి వేడి గాలిని బయటికి తోలి, అప్పుడు అద్దాలు ఎత్తి రీసర్క్యులేషన్ వేయండి. మొదటినుంచీ రీసర్క్యులేషన్ పెడితే ఆ ఉడికిన గాలినే ఏసీ మళ్లీ మళ్లీ తిప్పుతుంది.

హర్ష_కాడుగోడి

అందరి మాటలూ మా ఆవిడకు చదివి వినిపించాను. ముందద్దానికి, వెనకద్దానికి ఏమీ వద్దని తేల్చేసింది, షేడ్ కొంటున్నాం. పాప కూర్చునే వైపు పక్కద్దాలకు మాత్రం మీటరు చూసుకుని తేట ఫిల్మ్ వేద్దామా అని నేను, అసలు వద్దని తను. ఇంకా చర్చ నడుస్తోంది. షోరూం వాళ్లకు ఫిల్మ్ ప్యాకేజీ వద్దని చెప్తే, డెలివరీ తేదీ జరగొచ్చేమో సార్ అన్నారు!

పెనుకొండ_ప్రయాణం

యాక్సెసరీస్ కొనకపోతే డెలివరీ లేటవుతుందని బెదిరిస్తే రాతపూర్వకంగా ఇమ్మని అడుగు. మర్నాడే కారు రెడీ అవుతుంది.

పాత_స్విఫ్ట్
(నెల్లూరు, ఇప్పుడు ఎలక్ట్రానిక్ సిటీ)

పనిలో పని, నాది కూడా చెప్పేస్తా. సెకండ్ హ్యాండ్‌లో ఆంధ్రా రిజిస్ట్రేషన్ బండి తీసుకున్నాను. పాత ఓనర్ నాలుగు వైపులా కాటుక రంగు ఫిల్మ్ వేయించి ఉన్నాడు. ఎండకు వెనకద్దం మీద ఉబ్బిపోయింది. అత్తిబెలెలో ఆపి చలానా రాశారు, "నేను వేయించలేదు సార్" అంటే నవ్వారు. కట్టేశాను. ఇప్పుడు పీకేయాలి. ఇంట్లో హెయిర్ డ్రయ్యర్‌తో నేనే పీకొచ్చా?

నల్లకోటు

ఎవరు వేయించారన్నది పోలీసులకు అనవసరం, బండి ఎవరి చేతిలో ఉందన్నదే ముఖ్యం. పీకించాక బిల్లు తీసుకుని బండిలో పెట్టుకోండి.

జేసీరోడ్_మదనపల్లి

పక్కద్దాలు మీరే పీకొచ్చు అన్నా. లోపల డోర్ ప్యాడ్ మీద పాత టవల్ వేయండి, స్విచ్చులోకి నీళ్లు పోకూడదు. డ్రయ్యర్‌తో ఒక మూల వేడి చేసి, గోరుతో లేపి, వేడి తగులుతూనే ఉండగా నిదానంగా, అద్దానికి దగ్గరగా మడిచినట్టు లాగండి. గబుక్కున లాగితే ఫిల్మ్ వస్తుంది, జిగురు అద్దం మీదే ఉండిపోతుంది. జిగురు మిగిలితే షాంపూ నీళ్లు కొట్టి, నాననిచ్చి, ప్లాస్టిక్ బ్లేడుతో గీకండి.

వెనకద్దం మాత్రం ముట్టుకోవద్దు. దాని మీద సన్నటి గోధుమ రంగు గీతలున్నాయా? అవి డీఫాగర్ (అద్దానికి పట్టిన ఆవిరిని వేడితో పోగొట్టే ఏర్పాటు) తీగలు, అద్దం లోపలి వైపే ముద్రించి ఉంటాయి, సరిగ్గా ఫిల్మ్ జిగురు కిందే. ఉబ్బిన ఫిల్మ్ అక్కడ లాగితే గీతలు కూడా దాంతోనే ఊడొస్తాయి. ఒక్క గీత తెగితే ఆ వరస పనిచేయదు. మేము ఆవిరి పట్టి, గీతల వెంబడి అడ్డంగా లాగుతాం, నిలువుగా కాదు. బ్లేడు అసలు వాడం. ఏ షాపుకు వెళ్లినా, పని మొదలుపెట్టకముందు డీఫాగర్ ఆన్ చేసి పనిచేస్తుందో లేదో వాళ్ల ముందే చూపించండి, పని అయ్యాక మళ్లీ చూడండి. లేకపోతే "ముందే పోయింది సార్" అంటారు.

పాత_స్విఫ్ట్

మా స్విఫ్ట్ బేస్ మోడల్ అన్నా, వెనకద్దం మీద గీతలే లేవు.

జేసీరోడ్_మదనపల్లి

అయితే ఇంకేం, అదీ మీరే పీకేయండి. పార్సెల్ షెల్ఫ్ (వెనక సీటు వెనకున్న పలక) ముందు తీసేయండి, లేకపోతే నడుం పట్టేస్తుంది.